శీర్షిక కింద అరటి తోట

"కదలకండి!" అని వెనకనించి కేక వినపడేసరికి యర్రంశెట్టి గవర్రాజు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. అరటి తోటలో ఆ మాట వింటే ఎవరైనా పామనే అనుకుంటారు.

పాము కాదు. సర్వేయరు కోటిలింగం. మెళ్ళో టేపు, చంకలో గొడుగు, చేతిలో మడతలు పడ్డ జెరాక్స్ కాగితం.

"మీ ఎడమకాలు ఊరి పేరులో మూడో అక్షరం మీదుందండి గవర్రాజుగారూ. ఆ రెండోది దించితే నాలుగో అక్షరం మీద పడుతుంది. ఒక్క మనిషి రెండక్షరాలు తొక్కితే నేను రెండు కాగితాలు రాయాలి."

గవర్రాజు రెండో కాలు కూడా మూడో అక్షరం మీదికే దించుకున్నాడు. మాటలు తక్కువ మనిషి. రోజంతా తోటలో ఉంటే అరటిచెట్లతో మాట్లాడేదేం ఉంటుంది?

"ఇది నా తోటండి," అన్నాడు.

"నిన్నటిదాకా," అన్నాడు కోటిలింగం నిజంగానే బాధపడుతూ. "ఇవాళ పొద్దున్న కొలిచాం. ఇది శీర్షికండి."

ఈ గొడవ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి.

నాగులరేవు గోదావరి పాయ ఒడ్డున చిన్న ఊరు. వరి, అరటి, కంద. ఆరేడు వందల గడప. ఏటిగట్టు మీద తెల్లదొరల నాటి కాలవ బంగళా ఒకటుంది. అందులో చెదలు పట్టిన బీరువా జరిపితే వెనకాల గోడకి ఒక పటం దొరికింది. నూటముప్పై ఏళ్ళ కిందట ఎవరో దొర గీసినది. గోదావరి మీద ఎగిరే పిట్టకి ఊరు ఎలా కనపడుతుందో అలా గీశాడు. ఇళ్ళు, చెట్లు, గాదెలు, బళ్ళు, ఏట్లో పొగపడవ, రేవులో మనుషులు, అన్నీ ఉన్నాయి. దొర ఎగిరి చూసింది లేదు. గొడుగేసుకుని వీధి వీధీ తిరిగి, ఒక్కో ఇల్లూ లెక్క పెట్టుకుని, తర్వాత కుర్చీలో కూర్చుని, పిట్ట అయితే ఎలా చూస్తుందో ఊహించి గీశాడు.

ఆ ఏడాది పట్నాల్లో ఇలాంటి పటాల మీద మోజు పుట్టింది. ఏటి ఒడ్డు పల్లెటూళ్ళ పాతపటం గోడకి లేకపోతే పెద్దింటి కింద లెక్క కాదన్నంతగా పాకింది. ఆ గాలి ప్రభుత్వానికీ సోకి 'విహంగ వీక్షణ పటానుసార పట్టణ పునరుద్ధరణ ప్రాధికార సంస్థ' అని ఒకటి పుట్టింది. నాగులరేవుకి ప్రత్యేకాధికారిగా దివాకరంగారొచ్చి కాలవ బంగళాలో దిగారు. సన్నగా, శుభ్రంగా ఉంటారు. లంచం ముట్టరు, అబద్ధం ఆడరు, రూలు తప్పరు. అందుకని ఆయన్ని ఆపడం ఎవరికీ చేతకాలేదు.

ఆయన తెచ్చిన రూలు ఒకటే. పటంలో ఉన్నది ఊళ్ళో ఉండవలెను. పటంలో లేనిది ఊళ్ళో ఉండరాదు.

మొదట అందరూ నవ్వుకున్నారు. తర్వాత పని మొదలైంది.

పిట్ట దక్షిణాన ఏటి మీద ఎగురుతోంది గనక పటంలో ప్రతి ఇంటికీ దక్షిణపు గోడే కనపడుతుంది. ఉత్తరపు గోడ ఒక్క ఇంటికీ లేదు. కాబట్టి ఊళ్ళో ఉత్తరపు గోడలన్నీ తీసెయ్యమని తాఖీదులొచ్చాయి. గోడ తీస్తే కప్పు కూలుతుందని జనం మొత్తుకుంటే, దివాకరంగారు వారం రోజులు ఆలోచించి, "సదరు ఉత్తర కుడ్యములు భౌతికముగా కొనసాగవచ్చును గాని, లేనట్లుగా భావించబడును" అని దయతో సవరణ ఇచ్చారు. ఆ నెల్లోనే ఒకింటికి ఉత్తరపు గోడకి కన్నమేసి బిందెలు ఎత్తుకుపోతే స్టేషన్లో కేసు తీసుకోలేదు. లేని గోడకి కన్నం ఎలా పడుతుందన్నారు.

రేవులో, పటంలో ఉన్నట్టే, గొడుగేసుకున్న మగమనిషి ఒకడు, బిందె ఎత్తుకున్న ఆడమనిషి ఒకతె, పడుకున్న కుక్క ఒకటి ఎప్పుడూ ఉండాలన్నారు. మనుషులకి వంతులేశారు. కుక్క మటుకు మాట వినలేదు. విధులకు మూడుసార్లు గైర్హాజరైనందుకు సంజాయిషీ కోరుతూ దాని మెడకి కాగితం కట్టారు. అది ఆ కాగితం తినేసింది. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని రాసుకున్నారు.

రేవు దాటించే ఏసుపాదం పడవకి రేకు గొట్టం బిగించి పొగపడవ చేశారు. అడుగున తడిగడ్డి తగలబెట్టాలి. పటంలో పొగ తూర్పుకి పోతోంది. అదే పడవ మీద జెండా మాత్రం పడమటికి ఎగురుతోంది. దొర ఆ పూట ఏ ధ్యాసలో ఉన్నాడో. జెండాకి ఇనపతీగ కుట్టి పడమటికి వంచారు గాని పొగకి కుట్టడం కుదర్లేదు. తూరుపుగాలి వీచిన రోజున పడవ కట్టేయాలన్నారు. అవతలి ఒడ్డు నించి చుట్టపుచూపుగా వచ్చిన వియ్యంకుడొకాయన మూడ్రోజులు ఇక్కడే ఉండిపోయాడు.

"నువ్వు పొగపడవ నడుపుతున్నావా, పొగ నిన్ను నడుపుతోందా?" అని జనం ఏడిపిస్తే ఏసుపాదం దగ్గుతూ, "నన్నడుగుతారేం, పైనున్నాయన్నడగండి," అని ఏటి మధ్యకి చెయ్యి చూపించేవాడు.

ఏటి మధ్య రెండు పంటు పడవలు కలిపి, వాటి మీద తాటిచెట్టంత ఎత్తున సరుగుడు గెడలతో మంచె కట్టారు. పిట్ట చూపు సరిగ్గా అక్కణ్ణుంచే పడుతుందట. ఆ మంచె మీద కూర్చుని ఊరు పటంలా ఉందో లేదో చూసి మైకులో చెప్పడం కోటిలింగం పని. ఉత్తర్వులో అతని హోదా 'అధీకృత పక్షి' అని ఉంది. కోటిలింగానికి ఎత్తంటే భయం. మంచె ఎక్కాక కళ్ళు మూసుకునేవాడు. అయినా ఉద్యోగం ఉద్యోగమే.

ఇంతవరకూ గవర్రాజుకి ఏ ఇబ్బందీ లేదు. ఊరి చివర ఆగ్నేయం మూల ఏటిగట్టు కింద ఎకరం నలభై సెంట్లు, అదే అతని సర్వస్వం. కర్పూర చక్రకేళి వేశాడు. గెలలు దిగాయి. ఇంకో నలభై రోజులాగితే కోత. పోయినేడు వరదలో తోట మొత్తం కొట్టుకుపోయింది. ఈసారి కూడా గెల చేతికి రాకపోతే పొలం వదిలేసి కూలికి పోవడమే.

పటంలో ఆ ఆగ్నేయం మూలే దొరకి ఖాళీగా కనపడింది. అక్కడ పొడుగాటి తెల్ల రిబ్బను ఒకటి, రెండు చివర్లూ చుట్ట చుట్టుకున్నట్టు గీసి, దాని మీద ఊరి పేరు నల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు.

కోటిలింగం కొలిచిన మర్నాడు దివాకరంగారే స్వయంగా తోటకొచ్చారు.

"చూడండి గవర్రాజుగారూ, శీర్షిక లేని పటము శిరస్సు లేని మొండెము వంటిది. సదరు భూమి యందలి పైరును పదిహేను దినములలో తొలగించి, నేలను చదును చేసి, సున్నము కొట్టి, పక్షికి చదవ వీలగునట్లు బొగ్గుపొడితో అక్షరములు వ్రాయించవలసియున్నది. మిమ్ములను శీర్షికా సంరక్షకులుగా గౌరవ హోదాలో నియమిస్తున్నాము."

గవర్రాజు ఒక గెలని అరచేత్తో ఎత్తి పట్టుకున్నాడు, బరువు చూస్తున్నట్టు.

"నలభై రోజులాగండి," అన్నాడు.

"నూటముప్పై సంవత్సరములు ఆలస్యమైనది. ఇంకను ఆగమనుట భావ్యమా?" అన్నారు దివాకరంగారు, ఆ గెలకేసి జాలిగా చూసి.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే పెళ్ళాం పల్లాలమ్మ ఊరుకోలేదు.

"ఏం చెప్పావయ్యా ఆయనకి?"

"ఆగమన్నా."

"అంతేనా?"

"అంతే."

"నీకు నోరెందుకిచ్చాడయ్యా దేవుడు? పులుసు జుర్రుకోడానికా? పదిహేను వందల చెట్లు! ఒక్కో చెట్టుకీ బిందెలతో నీళ్ళు మోశాను. ఇప్పుడు సున్నం కొట్టి బొగ్గు పూస్తారంట. నా మొహానికి పుయ్యమను! రేపు విచారణంటున్నారుగా. అక్కడైనా మాట్లాడు. చేతకాకపోతే చెప్పు, నేనొస్తాను."

"నేనే మాట్లాడతాలే," అన్నాడు గవర్రాజు. ఆ రోజుకి అదే పెద్ద మాట.

విచారణ కాలవ బంగళా వరండాలో జరిగింది. దివాకరంగారు బల్ల వెనకాల, కోటిలింగం పక్కన, గవర్రాజు ఎదురుగా. ఊరి జనం మెట్ల మీద.

"ప్రతివాది తమ వాదనను లిఖితపూర్వకముగా సమర్పించియున్నారా?"

"లేదండి."

"మౌఖికముగా సమర్పించెదరా?"

గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. మెట్ల మీద పల్లాలమ్మ గాజులు చప్పుడయ్యాయి.

"ఒకసారి పటం చూపించండి," అన్నాడు గవర్రాజు.

"జెరాక్స్ ప్రతి మీకు అందినది గదా?"

"అసలుది."

అసలు పటం చూడ్డానికి ఏడో నంబరు దరఖాస్తు పెట్టాలి. ఏడో నంబరు దరఖాస్తు కాగితాలు ఇంకా అచ్చవలేదు. కానీ అచ్చవని కాగితం అడిగి ఆపడం న్యాయం కాదని దివాకరంగారే అన్నారు. ముందే చెప్పాను కదా, చెడ్డ మనిషి కాదాయన. గదిలోకి తీసికెళ్ళి గాజుపెట్టె మీద గుడ్డ తీశారు.

గవర్రాజు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. రంగులు ఇంకా నిగనిగలాడుతున్నాయి. గట్టు పచ్చగా ఉంది. ఆ మూల తెల్ల రిబ్బను. రిబ్బనుకి కిందగా, పచ్చటి నేల మీద, సన్నగా నల్లటి గీత ఒకటి రిబ్బను వంపులోనే వంపు తిరిగి ఉంది.

"ఇదేంటండి?"

దివాకరంగారు భూతద్దం తెచ్చుకున్నారు. "నీడ," అన్నారు. "జెరాక్సులో పడలేదు."

"దేని నీడండి?"

"శీర్షిక యొక్క నీడ."

"మరి నేల మీద పరుచుకున్నదానికి నీడెలా పడుద్దండి?" అన్నాడు గవర్రాజు. "మా అరటాకు గాల్లో ఉంటే నీడ. రాలి పడితే నీడేదీ?"

కిటికీ దగ్గర తలలు పెట్టిన జనంలో ఏసుపాదం "ఓర్నాయనో" అన్నాడు.

దివాకరంగారి మొహం చూడాలి అప్పుడు. ఓడిపోయినవాడి మొహం కాదు. వానకి కొత్త మొక్క తలెత్తినట్టు వెలిగిపోయింది. "కోటిలింగంగారూ! మనము మహాపరాధము చేయబోయినాము. శీర్షిక భూమికి సంబంధించినది కాదు. ఆకాశమునకు సంబంధించినది! దానిని నేలపై వ్రాయుట పటోల్లంఘన మగును. శీర్షికను గాలిలో నెలకొల్పవలెను!"

"గాల్లో అంటే ఎలాగండి?" అన్నాడు కోటిలింగం.

"అది ఇంజనీరింగు విభాగము వారు చూచుకొందురు."

గవర్రాజు అడిగింది తోట వదిలెయ్యమని. వచ్చింది పందిరి. వారం తిరక్కుండా లారీల్లో సరుగుడు గెడలు దిగాయి. ఎకరం నలభై సెంట్ల మీద, చెట్ల నెత్తి దాటి రెండు మూరల పైన, తెల్లటి మందపు గుడ్డ ఒకటి పరిచి కట్టాలి. చివర్లు చుట్ట చుట్టాలి. దాని మీద నల్లరంగుతో అక్షరాలు. ఆ గుడ్డ మొయ్యడానికి తోటంతా ఆరడుగులకొక గెడ.

"ఎండ తగలకపోతే గెల ఊరుద్దా?" అని పల్లాలమ్మ తల పట్టుకుంది.

"సగం ఊరింది," అన్నాడు గవర్రాజు. "ఇక ఎండ కన్నా గాలితోనే భయం."

"గాలైతే మాత్రం? ఆసరాకి పోటుగెడలు కొనడానికి ఏముంది మన దగ్గర? సగం చెట్లకి పెట్టనే లేదు."

గవర్రాజు పందిరికేసి చూశాడు. అటూ ఇటూ చూశాడు. పురికొస ఉండ తీసుకుని తోటలోకెళ్ళాడు. ఒక్కో చెట్టునీ పక్కనున్న సర్కారు గెడకి చుట్టి బిగించి కట్టడం మొదలుపెట్టాడు.

రెండో రోజు దివాకరంగారు కోటిలింగంతో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. కిందకి చూస్తే గుడ్డ నీడలో గవర్రాజు చెట్టు చెట్టుకీ తాడు కడుతున్నాడు.

"ప్రభుత్వ గెడలను వినియోగించుచున్నారే!" అన్నారు.

"శీర్షిక కింద ఉన్నది పటంలో కనపడదు కదండీ," అన్నాడు కోటిలింగం మెల్లగా. "కనపడనిది లేనట్టే భావించాలని మీరే సెలవిచ్చారు. లేని మనిషి లేని చెట్టుకి లేని తాడు కడుతున్నాడని ఏమని రాయమంటారు?"

దివాకరంగారు ఆలోచించారు. "నిజమే," అన్నారు. "మన కంటికి కనిపించుట మన లోపము." అని మొహం అటు తిప్పుకుని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నించి గవర్రాజు గట్టు మీద ఎదురుపడితే దివాకరంగారు నమస్కారం పెట్టేవారు గాని, తోటలోంచి గవర్రాజు పిలిస్తే పలికేవారు కాదు.

పందిరి లేచిన ఇరవై మూడో రోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు తూర్పున మబ్బు నల్లగా కమ్మింది. ఈదురుగాలి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. గట్టు కింద లంక పొడుగునా అరటి తోటలు ఒక్కటొక్కటిగా ఒరిగిపోయాయి. గెలతో ఉన్న చెట్టు విరిగితే వచ్చే చప్పుడు వేరు, పచ్చిగా, తడిగా ఉంటుంది. ఆ చప్పుడు ఊరంతా వినపడింది.

గవర్రాజు, పల్లాలమ్మ తోటలోనే ఉన్నారు. చెరో గెడనీ కావిలించుకుని కూర్చున్నారు. నెత్తిమీద సర్కారు గుడ్డ ఒకసారి ఉబ్బింది, రెండోసారి ఉబ్బింది, మూడోసారి చివర్లు తెంపుకుని పైకి లేచింది. ఊరి పేరు మొత్తం గాల్లోకి లేచి, ఒక చుట్టు తిరిగి, పడమటికి కొట్టుకుపోయింది.

ఇంతా అయ్యేసరికి వాన పడి వెలిసింది. తెరిపిచ్చాక గవర్రాజు లేచి చూశాడు. గెడలు నిలబడ్డాయి. ప్రతి గెడకీ ఒక చెట్టు, ప్రతి చెట్టుకీ గెల. ఆకులు చీలికలైపోయాయి గాని గెల ఒక్కటీ రాల్లేదు. పల్లాలమ్మ తడిసిన కొంగుతో మొహం తుడుచుకుంటూ చెట్టు చెట్టునీ ముట్టుకుని నడిచింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం గవర్రాజు అదే మొదటిసారి చూడ్డం.

అప్పుడు ఏటి మధ్యనించి మైకు పలికింది. గాలి వీచినంతసేపూ కోటిలింగం మంచె మీదే గడిపాడు. దిగడానికి భయమేసి.

"అయ్యా! అధీకృత పక్షి మాట్లాడుతోందండి! శీర్షిక స్థలం మారిందండి! శీర్షిక ఇప్పుడు కాలవ బంగళా మీదుందండి!"

ఊరంతా బంగళా దగ్గరికి పరుగెత్తింది. నిజమే. తెల్ల గుడ్డ బంగళా కప్పు మీద పడి, నాలుగు వైపులా వరండాల మీదికి జారి, గుమ్మాలూ కిటికీలూ మూసేసింది. తడిసి ఏనుగంత బరువెక్కింది. మధ్యలో ఊరి పేరు నల్లగా, ముచ్చటగా చదవొస్తోంది. లోపల్నించి దివాకరంగారి గొంతు వినపడింది.

"ఎవరది? ఇది ఎత్తండి!"

నలుగురు కుర్రాళ్ళు గుడ్డ చెంగు పట్టుకున్నారు. "ఆగండాగండి!" అని మైకు అరిచింది. "అయ్యగారూ, శీర్షికను మీ అనుమతి లేకుండా కదపకూడదని నాలుగో ఉత్తర్వులో ఉందండి!"

"అనుమతిచ్చుచున్నాను!" గుడ్డ కింద నించి వచ్చిన మాటల్ని కుర్రాళ్ళు గట్టు మీంచి అరిచి మంచెకి అందించసాగారు.

"కార్యాలయం నించి అనుమతి రావాలండి. శీర్షిక కింద ఉన్నది లేనట్టు భావించాలండి. ఇప్పుడు కార్యాలయం శీర్షిక కిందుందండి. లేని కార్యాలయం నించి అనుమతి వస్తే నేనెలా తీసుకోనండి?"

జనం గుడ్డకి చెవులు ఆనించారు. అవతల ఇంకొకరైతే బూతులు తిట్టి బయటికొచ్చేవారు.

"సరిగా చెప్పితిరి," అంది గొంతు లోపల్నించి. బాధగానే ఉంది గాని తప్పు పట్టలేదు. "నేను బయటకు రావచ్చునా?"

"వస్తే పటంలో లేని మనిషి వరండాలో కనపడినట్టవుతుందండి. పై సంస్థకి రాస్తానండి. జవాబొచ్చేదాకా..."

"అటులనే కానిండు," అన్నారు దివాకరంగారు. లోపల కుర్చీ జరుపుకుని కూర్చున్న చప్పుడైంది.

ఏసుపాదం గుడ్డ కిందనించి లోటాతో మజ్జిగ తోశాడు. లోటా ఖాళీగా తిరిగొచ్చింది. ఎవరు తాగారో అధికారికంగా తెలీదు.

గవర్రాజు జనంలోంచి ముందుకొచ్చి ఏటి గట్టున నిలబడ్డాడు. మంచె మీది కోటిలింగానికి వినపడేట్టు, తన జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"కోటిలింగంగారూ! మరి నా తోట మీద ఇప్పుడు శీర్షిక లేదు కదా?"

"లేదండి!"

"అయితే అక్కడ ఏముండాలి?"

మైకులో కాగితాలు తిరగేసిన చప్పుడు. "పటంలో శీర్షిక కింద ఏముందో దొర గియ్యలేదండి! ఉండాలనీ లేదు, ఉండకూడదనీ లేదు!" అని, బంగళాకేసి తిరిగి, "అయ్యా, అలాంటప్పుడు ఏం చెయ్యాలండి?" అన్నాడు.

గుడ్డ కిందనించి గొంతు వెంటనే పలికింది. రూలు అడిగితే ఆయన చెప్పకుండా ఉండలేరు. "పటము మౌనము వహించిన చోట పక్షి చూచినది చూచినట్లు నమోదు చేయవలెను! అదియే శాశ్వత ప్రమాణము!"

"అయ్యగారు ఉన్నట్టా లేనట్టాండి ఇప్పుడు?" అన్నాడు ఏసుపాదం.

"మాట ఉంది, మనిషి లేడు," అంది పల్లాలమ్మ. "రాసుకోమను తొందరగా."

కోటిలింగం మంచె మీద మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచాడు. ఆగ్నేయం మూలకి చూశాడు. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, రాస్తున్నది మైకులో చదువుతూ రాశాడు.

"ఆగ్నేయ మూల. ఎకరం నలభై సెంట్లు. అరటి తోట."

గవర్రాజు తలూపాడు. నడుముకి దోపుకున్న కత్తి తీసి మొన వేలితో చూసుకున్నాడు. గాలికి అదిలిన గెలలు, ముదిరినవి, ముందుగానే దించెయ్యడం మంచిది.

"ఎన్ని గెలలని రాయమంటారండి గవర్రాజుగారూ?" అంది మైకు. "నాకిక్కణ్ణుంచి ఆకులే కనపడుతున్నాయి!"

"అయితే ఆకులే రాయండి," అని గవర్రాజు గట్టు వెంట నడిచి, ఆకుల కిందికి వంగి తోటలోకి వెళ్ళాడు.